ఆన్‌లైన్ పుస్తక దుకాణాల్లో అప్‌లోడ్ దోషాలు, ఫోల్డర్ అనుమతులు: కారణాన్వేషణ పద్ధతి

వ్యాససంగ్రహం:
సొంత వెబ్‌సైట్ ద్వారా పుస్తకాలు విక్రయించే ప్రచురణకర్తలకు, రచయితలకు తరచుగా ఎదురయ్యే చిక్కుల్లో అప్‌లోడ్ దోషం ఒకటి. ముఖచిత్రమో, ఈ-పుస్తకమో సర్వర్‌కు చేరకపోతే ఫోల్డర్ అనుమతిని 777కు మార్చమనే సలహా విస్తృతంగా వాడుకలో ఉంది. ఈ సలహా కారణాన్ని కనిపెట్టదు. ఉన్న రక్షణను మాత్రం తొలగిస్తుంది. అప్‌లోడ్ దోషాలన్నీ అనుమతి దోషాలు కావని, అనుమతి దోషంలో సైతం ముందుగా తేల్చవలసింది అంకె కాదని, రాయబోయిన కర్త ఎవరన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వర్డ్‌ప్రెస్, వూకామర్స్ ఆధారిత దుకాణాన్ని ఉదాహరణగా తీసుకొని, దోషాల వర్గీకరణ, అనుమతుల అర్థం, తెలుగు ఫైలుపేర్ల ప్రత్యేక సమస్యలు, కారణాన్వేషణ క్రమం అనే అంశాలను వివరిస్తుంది.

కీలకపదాలు: అప్‌లోడ్ దోషం, ఫోల్డర్ అనుమతి, యాజమాన్యం, వూకామర్స్, యూనికోడ్, తెలుగు ఫైలుపేర్లు, సమాచార భద్రత.

1. ఉపోద్ఘాతం:
వర్డ్‌ప్రెస్‌కు దుకాణపు సౌకర్యాలను జోడించే వూకామర్స్ 2011లో వెలువడింది. దానివల్ల సాంకేతిక నిపుణులు కానివారికి కూడా సొంత ఆన్‌లైన్ దుకాణం అందుబాటులోకి వచ్చింది. పుస్తకం పేరు, ధర, పరిచయం రాసి ముఖచిత్రం జోడిస్తే విక్రయానికి పుట సిద్ధమవుతుంది. అయితే పేరు, ధర, పరిచయం డేటాబేస్‌లో చేరతాయి. ముఖచిత్రం సర్వర్‌లోని ఒక ఫోల్డర్‌లో చేరుతుంది. ఈ రెండూ వేర్వేరు మార్గాలు. అందువల్లనే వివరాలన్నీ భద్రమై చిత్రం మాత్రం రాకపోవడం, పాత చిత్రాలు కనిపిస్తూ కొత్తవి చేరకపోవడం వంటి స్థితులు ఏర్పడతాయి.

విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు, కళాశాలలు, పరిశోధన పత్రికలు కూడా ఇదే విధమైన సాఫ్ట్‌వేర్‌తో వెబ్‌సైట్లు నడుపుతున్నాయి. కాబట్టి ఇక్కడ దుకాణాన్ని ఉద్దేశించి చెప్పిన అంశాలు వాటికీ వర్తిస్తాయి. దుకాణం విషయంలో అదనపు బాధ్యత ఒకటుంది. కొనుగోలుదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, ఆర్డర్ల వివరాలు అక్కడ నిల్వ ఉంటాయి. చిత్రం ఎక్కించడానికి చేసే సవరణ ఆ సమాచారాన్ని ప్రమాదంలో పడవేయకూడదు.

2. దోషసందేశంలో లోపించే కర్త:
సర్వర్ ఇచ్చే దోషసందేశాల్లో ప్రసిద్ధమైనది ‘అనుమతి నిరాకరింపబడినది’ అనే అర్థమిచ్చేది. వ్యాకరణ దృష్టితో చూస్తే ఇది అసంపూర్ణ వాక్యం. ఎవరికి నిరాకరించారు? ఏ పనికి? ఎక్కడ? ఈ ప్రశ్నలకు అందులో జవాబు లేదు. కారక సంబంధాలను పూరిస్తే అప్‌లోడ్ అనే పని స్పష్టమవుతుంది. రాయబోయిన ప్రోగ్రాం కర్త. రాయడం క్రియ. ముఖచిత్రపు ఫైలు కర్మ. ఆ ఫైలు చేరవలసిన ఫోల్డర్ అధికరణం.

వెబ్‌సైట్ నిర్వాహకుడు లాగిన్ అయి చిత్రాన్ని ఎంచుకుంటాడు కాబట్టి తానే కర్తనని భావిస్తాడు. సర్వర్ దృష్టిలో అతడు కర్త కాడు. సర్వర్ మీద పనిచేసే పీహెచ్‌పీ ప్రోగ్రాం ఏ ఖాతా పేరుతో నడుస్తుందో ఆ ఖాతాయే కర్త. వెబ్‌సైట్‌లో ‘అడ్మిన్’ హోదాకూ సర్వర్‌లో ఫోల్డర్ అనుమతికీ సంబంధం లేదు. అడ్మిన్‌కు అన్ని హక్కులున్నా అప్‌లోడ్ ఎందుకు కాదన్న సందేహానికి సమాధానం ఇదే.

3. అనుమతితో సంబంధం లేని దోషాలు:
ఫైలు కంప్యూటర్ నుంచి బయలుదేరి గమ్యఫోల్డర్‌కు చేరేలోగా అనేక దశలు దాటుతుంది. అనుమతి ప్రశ్న చివరి దశలో వస్తుంది. ముందరి దశల్లో ఆగిన ఫైలుకు ఫోల్డర్ అనుమతి ఎంత సడలించినా ఫలితం ఉండదు.

3.1 పరిమాణం:
ఎంజినెక్స్ సర్వర్ ప్రత్యేకించి మార్చకపోతే 1 ఎంబీకి మించిన అభ్యర్థనను అంగీకరించదు. అప్పుడు 413 అనే సంఖ్యతో దోషం కనిపిస్తుంది. దానిని దాటితే పీహెచ్‌పీ పరిమితులు వస్తాయి. మార్పులు చేయని అమరికలో ఒక్కో ఫైలుకు 2 ఎంబీ, ఫారం మొత్తానికి 8 ఎంబీ హద్దు. చాలా హోస్టింగ్ సంస్థలు వీటిని పెంచి ఇస్తాయి. ఫారం మొత్తపు హద్దు దాటినప్పుడు పీహెచ్‌పీ పంపిన వివరాలన్నింటినీ ఖాళీగా అందిస్తుంది. అందువల్ల పరిమాణం గురించిన మాట లేకుండానే ఫారం ఖాళీ కావడమో, అసంబద్ధమైన మరొక దోషం కనిపించడమో జరుగుతుంది. నిర్వాహకులు పొరబడే సందర్భాల్లో ఇది ముఖ్యమైనది.

3.2 పీహెచ్‌పీ సంకేతసంఖ్యలు:
అప్‌లోడ్ ఫలితాన్ని పీహెచ్‌పీ సంఖ్యలతో సూచిస్తుంది. 0 అంటే సఫలం. 1 అంటే సర్వర్ పరిమితి, 2 అంటే ఫారం పరిమితి దాటింది. 3 అంటే ఫైలు కొంతభాగమే చేరింది. ఇది సాధారణంగా కనెక్షన్ లోపం. 4 అంటే ఫైలే రాలేదు. 6 అంటే తాత్కాలిక ఫోల్డర్ లేదు. 7 అంటే డిస్కు మీద రాయడం కుదరలేదు. 8 అంటే పీహెచ్‌పీకి జోడించిన ఒక ఎక్స్‌టెన్షన్ ఆపింది. ఈ వరుసలో 5 లేదు.

వీటిలో 6, 7 ప్రత్యేకంగా గమనించదగినవి. అప్‌లోడ్ అయిన ఫైలు మొదట తాత్కాలిక ఫోల్డర్‌లో చేరి, ఆపైన గమ్యఫోల్డర్‌కు తరలుతుంది. ఈ రెండు సంఖ్యలూ తాత్కాలిక దశకు చెందినవి. గమ్యఫోల్డర్ అనుమతి మార్చడం వీటికి పరిష్కారం కాదు. ఫైలును ఫలానా ఫోల్డర్‌కు తరలించలేకపోయామని వర్డ్‌ప్రెస్ చెప్పినప్పుడు మాత్రమే గమ్యఫోల్డర్‌ను అనుమానించడం సమంజసం.

3.3 స్మృతి:
పాత పుస్తకాల ముఖచిత్రాలను స్కాన్ చేసేవారికి ఎదురయ్యే సమస్య ఇది. ఏ4 పుటను 600 డీపీఐతో స్కాన్ చేస్తే సుమారు 4960 × 7016 పిక్సెళ్ల చిత్రం వస్తుంది. అంటే దాదాపు 3 కోట్ల 48 లక్షల పిక్సెళ్లు. జేపెగ్ ఫైలుగా అది కొద్ది ఎంబీలే ఉండవచ్చు. దానిని చిన్నది చేయడానికి సర్వర్ విప్పినప్పుడు పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున సుమారు 139 ఎంబీ స్మృతి అవసరమవుతుంది. పీహెచ్‌పీ సాధారణ హద్దు 128 ఎంబీ. చిత్రాల పని కోసం వర్డ్‌ప్రెస్ దానిని 256 ఎంబీకి పెంచుకోవడానికి ప్రయత్నిస్తుంది. హోస్టింగ్ అమరిక అంగీకరించకపోతే పని మధ్యలో ఆగుతుంది. ఫైలు పరిమాణం తక్కువే కదా అన్న తర్కం ఇక్కడ చెల్లదు. దుకాణపు పుటకు అంత స్పష్టత అనవసరం. పొడవైన వైపు 2560 పిక్సెళ్లకు మించిన చిత్రాన్ని 2019 నుంచి వర్డ్‌ప్రెస్ తానే కుదిస్తున్నది కనుక, ఆ కొలతకు ముందే తగ్గించి పంపడం మేలు.

3.4 చోటు:
డిస్కు కోటా నిండినా అప్‌లోడ్ ఆగుతుంది. కోటాలో మెగాబైట్లతోపాటు ఫైళ్ల సంఖ్యకు కూడా హద్దు ఉండవచ్చు. ఒక్కో చిత్రానికి వర్డ్‌ప్రెస్, వూకామర్స్ పలు కొలతల్లో ప్రతులు తయారుచేస్తాయి. వందలాది పుస్తకాలున్న దుకాణంలో ఫైళ్ల సంఖ్య వేలకు చేరుతుంది. చోటు మిగిలి ఉన్నా ఫైళ్ల సంఖ్య నిండి అప్‌లోడ్ ఆగిపోవడం సాధ్యమే.

4. ఫోల్డర్ అనుమతుల అర్థం:
లినక్స్ సర్వర్లు వాడే అనుమతి పద్ధతి యునిక్స్ నుంచి వచ్చింది. యునిక్స్‌ను 1969లో బెల్ ల్యాబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రారంభించారు. ఒకే యంత్రాన్ని పలువురు పంచుకొనే కాలపు వ్యవస్థ అది. ఎవరి ఫైళ్లు వారివిగా ఉంచడమే దాని అనుమతుల ఉద్దేశం.

ప్రతి ఫైలుకూ, ఫోల్డర్‌కూ ఒక యజమాని, ఒక సమూహం ఉంటాయి. మిగిలినవారంతా ‘ఇతరులు’. మూడంకెల అనుమతిలో మొదటిది యజమానికి, రెండవది సమూహానికి, మూడవది ఇతరులకు చెందుతుంది. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 విలువలు. 7 అంటే మూడూ. 6 అంటే చదవడం, రాయడం. 5 అంటే చదవడం, నడపడం. ఆ విధంగా 755లో యజమానికి సర్వాధికారం, మిగతావారికి రాయడం తప్ప మిగిలినవి ఉన్నాయి. 644లో యజమాని చదివి రాయగలడు, మిగతావారు చదవగలరు. వర్డ్‌ప్రెస్‌లో ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 సాధారణ ప్రమాణం.

ఫైలు విషయంలో ఈ మూడు మాటల అర్థం తేటతెల్లం. ఫోల్డర్ విషయంలో ‘నడపడం’, ‘అమలు’ అనే అనువాదాలు అయోమయం కలిగిస్తాయి. గ్రంథాలయాన్ని పోలికగా తీసుకుంటే సులువవుతుంది. ఫోల్డర్‌ను చదవడమంటే పుస్తకాల పట్టికను చూడడం. నడపడమంటే బీరువాల గదిలోకి ప్రవేశించడం. రాయడమంటే బీరువాలో కొత్త పుస్తకం పెట్టడం, ఉన్నదాన్ని తీసివేయడం, పేరు మార్చడం. గదిలోకి ప్రవేశం లేనివారు పుస్తకం పెట్టలేరు. కనుక అప్‌లోడ్‌కు రాయడం, ప్రవేశించడం రెండూ కావాలి. గమ్యఫోల్డర్‌కు దారితీసే పై ఫోల్డర్లన్నింటిలోనూ ప్రవేశాధికారం ఉండాలి.

ఇక్కడినుంచి మరొక సూత్రం తేలుతుంది. కొత్త ఫైలు చేర్చడానికీ, ఉన్నదాన్ని తొలగించడానికీ అధికరణమైన ఫోల్డర్ మీది అనుమతి ముఖ్యం. కర్మయైన ఫైలు మీది అనుమతి కాదు. ఫైలుకు 644 ఉన్నా, అది ఉన్న ఫోల్డర్‌కు 777 ఉంటే ఆ సర్వర్‌లోని వేరే ఖాతా దానిని తొలగించి, అదే పేరుతో మరొకటి పెట్టవచ్చు.

5. అంకెకన్నా ముందు యాజమాన్యం:
లినక్స్ అనుమతిని పరిశీలించే క్రమం నిర్దిష్టమైనది. కర్త యజమానియైతే మొదటి అంకెనే చూస్తుంది. కాకపోతే సమూహ సభ్యత్వాన్ని బట్టి రెండవ అంకెను, అదీ లేకపోతే మూడవ అంకెను చూస్తుంది. కాబట్టి 755 అనే అంకె సరైనదా కాదా అన్న ప్రశ్నకు కర్త తెలియకుండా జవాబు లేదు. కర్త యజమానియైతే 755తో అప్‌లోడ్ జరుగుతుంది. కాకపోతే అదే 755తో ఆగిపోతుంది.

ఉబుంటు సర్వర్లలో వెబ్ ప్రోగ్రాం సాధారణంగా ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా’ అనే ఖాతాతో నడుస్తుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఆ ఖాతా పేరు ‘అపాచీ’. పలు ఉమ్మడి హోస్టింగ్‌లలో మాత్రం పీహెచ్‌పీ హోస్టింగ్ ఖాతాదారు పేరుతోనే నడుస్తుంది. వెబ్‌సైట్‌ను ఒక సర్వర్ నుంచి మరొకదానికి మార్చినప్పుడు, బ్యాకప్ నుంచి పునరుద్ధరించినప్పుడు, ఎఫ్‌టీపీ ద్వారా ఫోల్డర్లు ఎక్కించినప్పుడు యజమాని మారిపోయే అవకాశం ఉంది. అంకె అలాగే ఉంటుంది, అప్‌లోడ్ ఆగిపోతుంది.

వర్డ్‌ప్రెస్ సాధారణ అమరికలో అప్‌లోడ్‌లను సంవత్సరం, నెల ఫోల్డర్లుగా విభజిస్తుంది. నెలమారగానే కొత్త ఫోల్డర్‌ను అదే సృష్టించుకోవాలి. ఈ నెల ఫోల్డర్ యాజమాన్యం సరిగా ఉండి, సంవత్సరపు ఫోల్డర్ వేరే ఖాతా చేతిలో ఉంటే 31వ తేదీ వరకు సవ్యంగా సాగిన అప్‌లోడ్ 1వ తేదీన విఫలమవుతుంది. ‘ఎవరూ ఏమీ మార్చలేదు, అయినా ఆగిపోయింది’ అన్న ఫిర్యాదుకు ఇది ఒక సంభావ్య కారణం. దోషం మొదలైన తేదీని నమోదు చేసుకోవడం ఇందుకే అవసరం.

6. 777 సలహా - పరిమితులు, ప్రమాదాలు:
777 అంటే ఇంటర్నెట్‌లోని ప్రతివారూ నేరుగా రాయగలరని కొందరు భావిస్తారు. అది సరికాదు. ‘ఇతరులు’ అంటే ఆ సర్వర్‌లోని ఇతర ఖాతాలు, వాటి పేరుతో నడిచే ప్రోగ్రాంలు. ఉమ్మడి హోస్టింగ్‌లో ఒకే యంత్రం మీద అనేకమంది వెబ్‌సైట్లు ఉంటాయి. ఖాతాల మధ్య వేరే అడ్డుగోడ లేని చోట, పొరుగు వెబ్‌సైట్‌ను వశపరచుకున్న దుండగుడు 777 ఫోల్డర్‌లో హానికర ప్రోగ్రాంను పెట్టగలడు. ఆ తరువాత బ్రౌజర్ నుంచి దానిని నడిపితే దుకాణపు డేటాబేస్ వివరాలున్న ఫైలు వరకు దారి ఏర్పడుతుంది.

777 కొన్నిచోట్ల పరిష్కారానికి బదులు కొత్త దోషాన్ని తెస్తుంది. ఎస్‌యూపీహెచ్‌పీ వంటి వ్యవస్థలు అందరూ రాయగల ఫోల్డర్‌లోని ప్రోగ్రాంను నడపడానికి నిరాకరించి 500 దోషం చూపుతాయి. ఎస్ఈలినక్స్ అమలులో ఉన్న సర్వర్‌లో మూడంకెలతో నిమిత్తం లేని మరొక అనుమతి పొర ఉంటుంది. అక్కడ 777 ఇచ్చినా రాయడం కుదరకపోవచ్చు.

దీనికి ప్రతిపక్షంగా 755 ఉంటే చాలునన్న భావన కూడా పూర్తిగా సత్యం కాదు. పీహెచ్‌పీ ఖాతాదారు పేరుతోనే నడిచేచోట, ఒక లోపభూయిష్టమైన ప్లగిన్ ద్వారా లోనికి వచ్చినవాడికి యజమాని అధికారాలన్నీ దక్కుతాయి. అందుచేత అప్‌లోడ్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైళ్లు నడవకుండా సర్వర్ అమరికలో నిషేధించడం అదనపు రక్షణ. అక్కడ చిత్రాలు, పీడీఎఫ్‌లు ఉండాలి. ప్రోగ్రాంలు నడవవలసిన అవసరం లేదు.

ఈ-పుస్తకాలు అమ్మేవారు మరొకటి గమనించాలి. కొన్న తరువాతే దింపుకోవలసిన ఫైళ్లను వూకామర్స్ ఒక ప్రత్యేక ఫోల్డర్‌లో ఉంచి, నేరుగా తెరవకుండా అపాచీ పద్ధతి నిషేధ ఫైలును జోడిస్తుంది. ఎంజినెక్స్ ఆ ఫైలును చదవదు. నిషేధాన్ని ఎంజినెక్స్ అమరికలో విడిగా రాయకపోతే, చిరునామా తెలిసినవారు డబ్బు చెల్లించకుండానే పుస్తకాన్ని దింపుకోగలరు. ఇక్కడ నష్టపోయేది రచయిత, ప్రచురణకర్త.

చట్టపరంగా కూడా ఇది ఉపేక్షించదగిన విషయం కాదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టం, 2023 సమాచారాన్ని సేకరించేవారిమీద సముచిత భద్రతా చర్యల బాధ్యతను ఉంచింది.

7. తెలుగు ఫైలుపేర్ల ప్రత్యేకతలు:
అప్‌లోడ్ జరిగినా చిత్రం కనిపించకపోవడానికి ఫైలుపేరు కారణం కావచ్చు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది. ‘శ్రీకృష్ణదేవరాయలు’ అన్న పదంలో అక్షరాలు 8. అచ్చు గుర్తులను, పొల్లును వేరుగా లెక్కించే యూనికోడ్‌లో సంకేతాలు 17. బైట్లు 51. వెబ్ చిరునామాలో ప్రతి బైటు శాతం గుర్తుతో కూడిన మూడు వర్ణాలుగా మారుతుంది కనుక అది 153 వర్ణాల పొడవు అవుతుంది. లినక్స్‌లో ఫైలుపేరుకు సాధారణ హద్దు 255 బైట్లు. అంటే గరిష్ఠంగా 85 తెలుగు సంకేతాలు. వర్డ్‌ప్రెస్ పుటల చిరునామాలో పేరుకు హద్దు 200 వర్ణాలు. అంటే 22 తెలుగు సంకేతాలు. అంతకన్నా పొడవైన గ్రంథనామం చిరునామాలో మధ్యలోనే తెగిపోతుంది.

రెండవ సమస్య మరింత సూక్ష్మమైనది. తెలుగులో ఐత్వం గుర్తును యూనికోడ్‌లో రెండు విధాలుగా నిల్వ చేయవచ్చు. ఒకే సంకేతంగా ఉంచడం ఒక పద్ధతి. ఎత్వాన్నీ, కింది ఐత్వపు గుర్తునూ రెండు సంకేతాలుగా విడదీయడం రెండవ పద్ధతి. కంటికి రెండూ ఒక్కటే. మ్యాక్ కంప్యూటర్లలో 2017కు పూర్వం ప్రధానంగా వాడిన ఫైలు వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలో నిల్వ చేసేది. లినక్స్ మాత్రం బైట్లనే పోలుస్తుంది. ‘వైజయంతి’ వంటి పేరున్న ఫైలును ఒక రూపంలో ఎక్కించి మరొక రూపంలో వెతికితే దొరకదు; 404 దోషం వస్తుంది. ఇది అనుమతి దోషమని భ్రమించడానికి ఆస్కారం ఉంది. ఫైలుపేరును చిన్న రోమన్ అక్షరాల్లో, అంకెల్లో ఉంచి, తెలుగు పేరును శీర్షికలోనూ చిత్రవివరణలోనూ రాయడం ఆచరణయోగ్యం. రోమన్ లిపిలో పెద్ద, చిన్న అక్షరాలను లినక్స్ వేర్వేరుగా చూస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

8. కారణాన్వేషణ క్రమం:
పై చర్చ ఆధారంగా ఈ క్రమాన్ని అనుసరించవచ్చు.

1. దోషసందేశాన్ని యథాతథంగా, తేదీ, సమయంతో సహా రాసిపెట్టుకోవాలి. సర్వర్ దోషాల లాగ్‌లో అదే సమయపు వరుసను చూడాలి.
2. 100 కేబీకి మించని, రోమన్ అక్షరాల పేరున్న జేపెగ్ చిత్రాన్ని ఎక్కించి చూడాలి. అది చేరితే సమస్య పరిమాణం, రకం, స్మృతి, పేరు అనే నాలుగింటిలో ఉంది. అనుమతులను తాకనవసరం లేదు.
3. అది కూడా చేరకపోతే డిస్కు కోటానూ ఫైళ్ల సంఖ్యనూ చూడాలి.
4. వర్డ్‌ప్రెస్ పనిముట్లలోని సైట్ హెల్త్ సమాచార పుటలో ఏయే ఫోల్డర్లలో రాయడం సాధ్యమో కనిపిస్తుంది. గమ్యఫోల్డర్ అక్కడ రాయదగినదిగా కనిపిస్తే కారణం వేరేచోట ఉండే అవకాశం ఎక్కువ. అయినా నెల, సంవత్సరపు ఫోల్డర్లను విడిగా చూడాలి.
5. పీహెచ్‌పీ ఏ ఖాతాతో నడుస్తుందో, దారిలోని ఒక్కో ఫోల్డర్‌కు యజమాని ఎవరో పోల్చాలి. తేడా ఉంటే ముందు యాజమాన్యాన్ని సరిదిద్దాలి. యజమానిని మార్చే అధికారం లినక్స్‌లో రూట్ ఖాతాకే ఉంటుంది. ఉమ్మడి హోస్టింగ్‌లో ఆ పనిని హోస్టింగ్ సంస్థను కోరాలి.
6. ఎఫ్‌టీపీ ఖాతా, వెబ్ ఖాతా రెండూ రాయవలసి ఉంటే రెండింటినీ ఒకే సమూహంలో చేర్చి, అప్‌లోడ్ ఫోల్డర్‌కు మాత్రం 775 ఇవ్వవచ్చు. ఇతరులకు రాసే అధికారం ఇవ్వనక్కరలేదు.
7. అంకెలను మార్చవలసివస్తే ఫోల్డర్లకూ ఫైళ్లకూ వేర్వేరుగా మార్చాలి. అన్నింటికీ కలిపి 644 ఇస్తే ఫోల్డర్లలో ప్రవేశం పోయి, వెబ్‌సైట్ మొత్తం ఆగిపోతుంది.
8. అప్పటికీ నిరాకరణ కొనసాగితే ఎస్ఈలినక్స్, పీహెచ్‌పీ ఫోల్డర్ల హద్దు, భద్రతా ప్లగిన్ల వంటి ఇతర పొరలను పరిశీలించాలి.
9. చేసిన మార్పును, పాత అంకెను, పాత యజమానిని నమోదు చేయాలి. పరీక్ష కోసం తాత్కాలికంగా సడలించినదేదైనా ఉంటే వెంటనే పూర్వస్థితికి తేవాలి.

9. ముగింపు:
అప్‌లోడ్ దోషాల పరిశీలనలో ఈ అంశాలు తేలాయి.

• అప్‌లోడ్ దోషాల్లో పరిమాణం, స్మృతి, చోటు, ఫైలుపేరులకు సంబంధించినవి అనుమతితో నిమిత్తం లేనివి. చిన్న చిత్రంతో చేసే పరీక్ష వీటిలో చాలావాటిని ఆరంభంలోనే వేరుచేస్తుంది.
• అనుమతి దోషంలో అంకె సాపేక్షం. కర్త, యజమాని ఎవరో తేలిన తరువాతే అంకెకు అర్థం ఏర్పడుతుంది.
• 777 నిరాకరణను తొలగించినప్పుడు సైతం కారణం తెలియకుండానే మిగిలిపోతుంది. చిత్రం కనిపించగానే సమస్య తీరిందని భావించి ఆ ఫోల్డర్‌ను అలాగే వదిలివేయడమే అసలు ప్రమాదం.
• తెలుగు లిపి ఫైలుపేర్లకు బైట్ల హద్దు, ఐత్వపు ద్విరూపత వల్ల ప్రత్యేక సమస్యలున్నాయి. ఇవి భాషాసాంకేతిక పరిశోధనలో చోటు పొందవలసిన అంశాలు.

పుస్తక విక్రయ వెబ్‌సైట్‌ను నడిపేవారు సర్వర్ నిపుణులు కానక్కరలేదు. ‘ఎవరు, ఎక్కడ, ఏమి రాయబోయారు’ అన్న ప్రశ్నను హోస్టింగ్ సంస్థ ముందు స్పష్టంగా ఉంచగలిగితే చాలు. ‘అప్‌లోడ్ కావడం లేదు’ అన్న ఫిర్యాదుకు 777 సలహా రావచ్చు. ఫోల్డర్, కర్త, యజమాని, సమయం చెప్పిన ఫిర్యాదు కారణాన్ని వెతకడానికి తగిన ఆధారాన్ని ఇస్తుంది.